బీరువా మూడో అరలోని పాఠకులు

ఇలా దగ్గరకి జరగండి. చాప చివర ఉన్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుంటే వెనకవాళ్ళకి కూడా చోటొస్తుంది. పలకలు పక్కన పెట్టండి, ఇవాళ ఎక్కాలు అడగను. హంసలదీవి దారిలో పెంకుల కప్పుతో ఒక శాఖా గ్రంథాలయం ఉంది చూశారూ, అది మూతపడబోయి ఎలా ఆగిందో చెబుతాను.

అక్కడ లైబ్రేరియన్ సుందరరాజు గారు. రోజూ సాయంత్రం నాలుగింటికి తలుపు తీసేవారు. గది ఊడ్చి, బల్లలు తుడిచి, అవనిగడ్డ బస్సులో వచ్చిన నిన్నటి పేపరు బల్ల మీద పరిచి, సముద్రపు గాలికి ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టేవారు. సంతకాల రిజిస్టరు తెరిచి, దారం కట్టిన పెన్సిలు దాని పక్కన ఉంచేవారు. అప్పుడు బీరువా తీసేవారు. పదకొండు వందల పుస్తకాలు పట్టే బీరువా అది. అందులో ఉన్నవి ఏడు.

డెబ్భై ఏడు తుఫాను నీళ్ళు దిగాక వెళ్ళి చూస్తే పదకొండు వందల పుస్తకాలూ కలిసి ఒకే పుస్తకం అయిపోయాయి. పలుగు పెట్టి పెళ్ళగించాల్సి వచ్చింది. కొత్తవి మంజూరయ్యాయని, దారిలో ఉన్నాయని మూడు నెలలకో కాగితం వస్తూ ఉండేది. అలా ఏడాదిన్నర గడిచి డెబ్భై తొమ్మిది వేసవి వచ్చింది. కాగితాలు వచ్చాయి గానీ పుస్తకాలు రాలేదు.

మరి ఆ ఏడు ఎక్కడివంటారా? తుఫాను బాధితుల కోసం ఏదో చలిదేశం వాళ్ళు పెట్టెలు పంపారు. మోకాళ్ళ దాకా ఉన్ని కోట్లు, చెవులు మూసుకునే టోపీలు. మన ఎండల్లో అవి వేసుకుని ఎవరు తిరుగుతారు? సుందరరాజు గారి భార్య అన్నమ్మ వంతుకి పింగాణీ కప్పులు వచ్చాయి. కప్పులు పగలకుండా చుట్టిన కాగితాలు విప్పి చూసి ఆవిడ వెంటనే మొగుడి చేతిలో పెట్టింది.

"దయ్యాల బొమ్మలున్నాయండీ. ప్రార్థన జరిగే ఇంట్లో వద్దు. మీ ఆఫీసులో పెట్టుకోండి."

ఆయన ఆ కాగితాలన్నిటినీ బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో సాపు చేసి, పేజీలు వరస కలిపి, దబ్బనంతో కుట్టారు. ఒకే ఇంగ్లీషు మాసపత్రిక పాత సంచికలు అవి. ఒకటి నుంచి నాలుగు, ఆరు నుంచి ఎనిమిది. ఐదోది ఏ ఊళ్ళో ఎవరి కప్పుల చుట్టూ వెళ్ళిందో.

వాటిని ఆయన ఎన్నిసార్లు తిరగేశారో లెక్క లేదు. ఒకటో సంచిక పల్చగా, సిరా అలుక్కుపోయి ఉంది. రెండోదాంట్లో మొదటి పేజీ అంతా ఒకటోదాంట్లో దొర్లిన తప్పులకి క్షమాపణ. మూడోదాంట్లో ఆ క్షమాపణలో దొర్లిన తప్పులకి మరో క్షమాపణ. నాలుగు నుంచి అట్టకి రంగులొచ్చాయి, ఎడిటరుకి కాస్త గర్వమూ వచ్చింది. రెండు చేతులతో పట్టే కత్తి ఎంత బరువుండాలన్న దాని మీద ఇద్దరు పాఠకులు నాలుగు నెలలు ఉత్తరాల్లో పోట్లాడుకున్నారు. ఒకాయన చందా మానేస్తానని బెదిరించి రెండు నెలల తర్వాత మళ్ళీ రాశాడు. 'గత సంచికలో వివరించినట్టు' అని ఆరోదాంట్లో మూడు చోట్ల ఉంది. ఆ మూడు చోట్లకీ వచ్చినప్పుడల్లా ఆయన మనసు కలుక్కుమనేది.

పేకాటలో పేరుమోసిన రైతు బసవపున్నయ్య ఒకరోజు అడిగాడు. "ఇంతకీ దేని గురించండీ ఈ పుస్తకాలు?"

"ఆట గురించి. ఒకాయన కూర్చుని, 'నువ్వు గుహ ముందు నిలబడ్డావు, లోపల ఎవరో గురక పెడుతున్నారు, ఏం చేస్తావు?' అంటాడు. ఎదుటివాడు ఏం చేస్తాడో చెప్పాలి. అంతే."

"పందెం ఎంత?"

"పందెం లేదు."

"గెలిచినవాడికి?"

"గెలవడం కూడా ఉన్నట్టు లేదు, బసవపున్నయ్యా."

బసవపున్నయ్య ఒక సంచిక అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి ఆ దేశంలో పోలీసులు ఎలా బతుకుతున్నారండీ?"

గాలి తగలకపోతే బూజు పడుతుందని సుందరరాజు గారు రోజూ ఆ సంచికలని మూడో అరలో తెరిచి పెట్టేవారు. తెరవగానే అందులో ఉన్నవాళ్ళు దిగి వచ్చి బల్లల దగ్గర కూర్చునేవారు. మూడో సంచికలోంచి రెక్కల ఉడుము ఒకటి, దున్నపోతంత. నాలుగోదాంట్లోంచి గడ్డం పొట్టాయన. గొడ్డలి గుమ్మం బయట, చెప్పుల పక్కన పెట్టి రావాలని చెబితే ఒక్కసారికే నేర్చుకున్నాడు. ఆరోదాంట్లోంచి రెండు తలల భారీ మనిషి. ఏడోదాంట్లోంచి ఎముకల మనుషులు ఆరుగురు. వాళ్ళు కదిలితే కటకటమని చప్పుడవుతోందని, చదువుకునేవాళ్ళకి ఇబ్బందిగా ఉందని అన్నమ్మ ఉన్ని కోట్లు ఆరు తెచ్చి తొడిగింది. ఆ కోట్లు అలా పనికొచ్చాయి.

ఊళ్ళోవాళ్ళు వాళ్ళ గురించి చేసిన ఫిర్యాదు ఒక్కటే. ఉడుము సినిమా పేజీ పట్టుకుంటే ఓ పట్టాన వదలదని.

ఎండుచేపలు అమ్మే ఖైరున్ బీకి చదువు రాదు. గంప గుమ్మంలో దించి, వేలిముద్ర వేసి, ఎముకల మనుషుల పక్కన కూర్చునేది. సుందరరాజు గారు పోయిన పుస్తకాలని నంబర్లతో సహా గుర్తుపెట్టుకున్నారు. "ఇవాళ నాలుగు వందల పన్నెండు చెప్పండి, రాజుగారూ" అని ఆమె అడిగితే ఆ కథ మొదటి నుంచి చెప్పేవారు. మనుషులూ, బీరువావాళ్ళూ కలిసి వినేవారు. తుఫాను తర్వాత ఆ ఊరివాళ్ళు అంతమంది ఒకచోట నిమ్మళంగా కూర్చునేది ఆ గదిలోనే.

అలాంటి సమయంలో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. శనివారం తనిఖీ. సాయంత్రం ఏడు లోపల ఇరవై ఐదుగురు పాఠకుల సంతకాలు లేకపోతే శాఖ మూసెయ్యాలి, బీరువా, బల్లలు గుడివాడ పంపెయ్యాలి. సుందరరాజు గారు అక్కడ పార్శిళ్ళు కట్టే పనిలో చేరాలి.

"ఇరవై ఐదా? రోజూ వచ్చేది పదమూడు మందిమే కదా?" అంది ఖైరున్ బీ.

"మిగతాది నాకొదిలెయ్యండి. మా పేక బ్యాచి పన్నెండు మంది, నేనొకణ్ణి. మొత్తం ఇరవై ఆరు. ఒకటి ఎక్కువే" అన్నాడు బసవపున్నయ్య.

శనివారం ఐదు గంటలకి బసవపున్నయ్య పన్నెండు మందినీ వెంటబెట్టుకుని నిజంగానే వచ్చాడు. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. రిజిస్టరు దగ్గర వరసలో నిలబడ్డారు. మొదటివాడు పెన్సిలు అందుకునే వేళకి తనిఖీ అధికారి రామబ్రహ్మం గారు బస్సు దిగి వస్తూ కనిపించారు. ఆయన వెనక ఫైళ్ళ సంచి మోస్తూ బంట్రోతు. బంట్రోతు ఒంటి మీద ఖాకీ చొక్కా.

పాతికేళ్ళ అలవాటు. ఖాకీ కంటపడగానే పేకాటవాళ్ళు పదమూడు మందీ మాట్లాడకుండా వెనక కిటికీలోంచి దూకి, కాలవ దాటి, సరుగుడు తోటలో కలిసిపోయారు. పెన్సిలు దారానికి వేలాడుతూ ఊగుతోంది.

కాసేపటికి బసవపున్నయ్య ఒక్కడే మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చాడు. "ఏం చెయ్యనండీ, కాళ్ళు నన్నడగలేదు" అని తలొంచుకుని సంతకం చేశాడు. మిగతావాళ్ళు కోడూరు దాకా ఆగరని అతనికి తెలుసు. మగవాళ్ళు చాలామంది చేపల వేటకి సముద్రం మీద, ఆడవాళ్ళు చేపలమ్మడానికి సంతల్లో ఉన్నారు. పిలవడానికి ఊళ్ళో ఇంకెవరూ లేరు.

రామబ్రహ్మం గారు కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టారు. "పద్నాలుగు."

"అవునండి" అన్నారు సుందరరాజు గారు.

"కానీ గదిలో అంతకన్నా ఎక్కువమంది ఉన్నారే?" అని అధికారి బల్లల వైపు చూపించారు. "ఈ కోట్లవాళ్ళు, ఆ రెక్కలాయన, వీళ్ళ సంతకాలేవీ?"

"వాళ్ళు సభ్యులు కారు సార్. ఊరివాళ్ళు కూడా కారు. రాయించడం తప్పని రాయించలేదు."

రామబ్రహ్మం గారు ముప్పై ఏళ్ళుగా రూలు దాటని మనిషి. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి పేజీలు తిప్పారు. "బయటివాళ్ళయినా, ఊళ్ళో ఇల్లున్నవారు పూచీ ఉంటే చేరవచ్చు. ఫారాలు తియ్యండి."

ఫారాలు తీశారు. ఉడుముకి బసవపున్నయ్య పూచీ ఉన్నాడు, చేసిన పనికి సిగ్గుపడుతూ.

"చిరునామా?"

"బీరువా, మూడో అర."

"వృత్తి?"

సుందరరాజు గారు మూడో సంచిక చూసి చెప్పారు. "గుహలో బంగారానికి కాపలా అండి."

'వాచ్‌మన్' అని రాసుకున్నారు రామబ్రహ్మం గారు. ఉడుము ముంగాలు సిరాలో ముంచి, చాలా జాగ్రత్తగా గడిలోనే ముద్ర వేసింది.

గడ్డం పొట్టాయనకి అన్నమ్మ పూచీ. రెండు తలల మనిషి దగ్గర పేచీ వచ్చింది. ఒక సంతకమా, రెండా? ఎడమ తల ధాన్యం ధరలు చూస్తోంది, కుడి తల గళ్ళనుడికట్టు చూస్తోంది. రామబ్రహ్మం గారు ఐదు నిమిషాలు గమనించారు. ఒకరి పేజీలోకి ఇంకొకరు తొంగి చూడలేదు. "ఇద్దరు పాఠకులు" అని తేల్చారు. ఆ ఇద్దరికీ అన్నమ్మే పూచీ సంతకం పెట్టింది.

ఎముకల మనుషుల వంతు వచ్చింది. వృత్తి అన్నచోట 'మాజీ సైనికులు' అని రాశారు. "ఒక్కొక్కరికీ ఒక్కొక్కరు పూచీ ఉంటారా?" అని అధికారి గది కలయజూశారు. ఆరుగురంటే పెద్ద బాధ్యత కదా, జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఖైరున్ బీ లేచింది. "ఆరుగురికీ నేనుంటాను సార్."

"ఆరుగురికి ఒక్కదానివే, అమ్మా?"

"తుఫానుకి ముందు మా ఇంట్లో ఆరు కంచాలు పెట్టేదాన్ని సార్. ఆరంటే నాకు కొత్త కాదు."

రామబ్రహ్మం గారు ఆరు ఫారాలూ ఆమె ముందుకి జరిపారు. ఆమె ఆరు ఫారాల మీదా వేలిముద్ర వేసి, చీరచెంగుతో బొటనవేలు తుడుచుకుని కూర్చుంది. పక్కనున్న ఎముకల మనిషి తన కోటు గుండీ పెట్టుకున్నాడు, ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టు.

రామబ్రహ్మం గారు మళ్ళీ లెక్కపెట్టారు. ఇరవై నాలుగు. గోడ గడియారం ఆరుంబావు దాటింది.

"లైబ్రేరియన్ లెక్కలోకి రారు" అన్నారాయన, అడక్కముందే.

"తెలుసండి" అన్నారు సుందరరాజు గారు. బీరువా తాళంచెవి మొలతాడుకి కట్టి ఉంది. అప్పజెప్పడానికి ముడి విప్పడం మొదలుపెట్టారు.

రామబ్రహ్మం గారు అప్పటిదాకా నిలబడే ఉన్నారు. ఆయన ఏ గ్రంథాలయంలో అడుగుపెట్టినా పాఠకులంతా లేచి నిలబడతారు. ఆయన కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు. ముప్పై ఏళ్ళుగా అంతే. అధికారి అంటే ఏమిటో ఉడుముకి తెలియదు. పెద్దాయన నిలబడలేకపోతున్నాడని మాత్రం చూసింది. తోక ఒళ్ళోకి లాక్కుని, కాస్త పక్కకి జరిగి, బల్ల మీద ఖాళీ చేసింది.

ఆయన ఆ ఖాళీ వంక చూశారు. ఇటూ అటూ చూశారు. కూర్చున్నారు. ఎవరూ లేవలేదు.

ముందు ఎనిమిదో సంచిక తెరిచి ఉంది. రెండు పేజీల నిండా సొరంగాల పటం, గదులూ మలుపులూ. ఆయన చేతిలోని రూళ్ళకర్ర పక్కన పెట్టి, వేలితో ఒక దారి పట్టుకుని వెళ్ళారు. గోడ అడ్డొచ్చింది. వెనక్కి వచ్చి ఇంకోటి పట్టుకున్నారు. అది చుట్టు తిరిగి మొదటికే వచ్చింది. ఎదురుగా కూర్చున్న పొట్టాయన గడ్డం పటానికి తగలకుండా పైకెత్తి పట్టుకుని, ఒక మూల గది మీద వేలు పెట్టాడు. "ఓహో, ఇక్కడ మెట్లున్నాయా?" అన్నారు రామబ్రహ్మం గారు. రెండు తలలూ వంగి చూశాయి. ఒకటి ఎడమకన్నది, ఒకటి కుడికన్నది. ఖైరున్ బీ మెడ సాచి, "నీళ్ళొస్తే ఎక్కడానికి పై గది ఏదో ముందు చూసుకోండి సార్" అంది. ఆయన నిజంగానే చూసుకున్నారు.

గడియారం ఏడుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపించింది. సుందరరాజు గారు రిజిస్టరు వైపు చూశారు. ఆయన గదిలో చదివినవాళ్ళెవరైనా సంతకం చెయ్యకుండా వెళ్ళకూడదు. ఇరవై రెండేళ్ళుగా అదే రూలు. అధికారిని అడగడమెలా? అడగకపోతే రూలేమయినట్టు? రిజిస్టరు తీసుకెళ్ళి, పటం పక్కన, చప్పుడు కాకుండా పెట్టారు.

రామబ్రహ్మం గారు తలెత్తకుండానే పెన్సిలు అందుకున్నారు. సంతకం చెయ్యబోయి ఆగారు.

"నేనూ బయటివాణ్ణే కదయ్యా. ఈ ఊళ్ళో నాకు పూచీ ఎవరుంటారు?"

ఖైరున్ బీ అప్పటికే బొటనవేలు సిరాలో పెట్టింది.

"ఆరుగురికి ఉన్నదాన్ని, ఏడోవారు బరువా సార్? కాగితం ఇటు ఇవ్వండి."

ఏడు కొట్టేసరికి రిజిస్టరులో ఇరవై ఐదు ఉన్నాయి. ఆ రాత్రి బస్సు లేక రామబ్రహ్మం గారు అన్నమ్మ చేతి చేపల పులుసు తిన్నారు. వానలు మొదలయ్యేలోపు పుస్తకాలు మూడు పెట్టెలు దిగాయి. ప్రతి నెలా నాలుగో శనివారం తనిఖీ అని రాసుకుని ఆయన వస్తూనే ఉన్నారు. ఆ పటంలో కింది వరస గదులు ఇంకా మిగిలే ఉన్నాయట.

ఇంక లేవండి. చాప దులిపి చుట్టండి. మీ ఇళ్ళలో అన్నం వార్చిన వాసన ఇక్కడిదాకా వస్తోంది. వేడిగా ఉన్నప్పుడే వెళ్ళి తినండి, పక్కన ఎవరైనా వచ్చి నిలబడితే కాస్త జరగండి.