నూరు శాతం అయ్యేదాకా

చచ్చిన డిస్కును ట్రేతో సహా బయటికి లాగి, అరలో దుమ్ము ఊది, కొత్తదాన్ని లోపలికి తోశాడు అతను. పాటలు దాచిన కంప్యూటరు పెట్టె గరగరమంది. తెర మీద సున్నా శాతం అని పడింది. అప్పుడు పొద్దున తొమ్మిదయింది. మిగిలిన మూడు డిస్కుల్లోంచి పోగుచేసుకుని కొత్తది నిండాలంటే సాయంత్రం అవుతుంది. ఈలోగా ఇంకొకటి పోయిందంటే ఈ ఇంటి సంగీతం టీచరమ్మ ముప్పై ఏళ్లుగా పాడి దాచుకున్న పాటలన్నీ మట్టిగొట్టుకుపోయినట్టే. నాలుగూ ఒకే రోజు కొన్నవి, ఒకేసారి ముసలివయ్యాయి. అలా కొనమని ఆమెకు సలహా ఇచ్చింది అతనే.

ఊళ్లో అతన్ని డిస్కుల డాక్టరంటారు. డాక్టరన్న మాటేగానీ, రోగి పక్కన కూర్చోవడమే వైద్యం. పందొమ్మిదేళ్లుగా ఎవరింట్లోనో, ఇలాగే మెట్ల కింద కిటికీ లేని గదిలో, స్టూలు మీద కూర్చుని అంకె పెరగడం చూస్తున్నాడు.

ఇవాళ చూపు నిలవడం లేదు. పొద్దున ఇంట్లోంచి బయలుదేరుతుంటే భార్య గొంతు పెంచకుండానే అంది: "అయిదింటికల్లా వచ్చి 'ఉండిపో' అని ఒక్క మాటనండి, ఉంటాను. లేకపోతే అక్క దగ్గరికి వెళ్లిపోతా. మళ్లీ రాను."

మూడింటికి అరవై నాలుగు శాతం. టీచరమ్మ టీ తెచ్చింది.

"నువ్వు కూర్చుంటే తొందరగా అవుతుందా, బాబూ?"

"అవదండీ."

"లేచి వెళ్తే ఆగిపోతుందా?"

"ఆగదండీ."

"మరి ఈ కాపలా దేనికి? నా పాటలేమీ లేచిపోవులే."

అతను నవ్వబోయి టీలోకి చూశాడు. నిజానికి అతనికి భయంగా ఉంది. ఆ ఒక్క మాట ఎలా అనాలో తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు. ఇక్కడైతే ఏమీ అననక్కర్లేదు, అంకె దానంతటదే పెరుగుతుంది.

నాలుగున్నరకు లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. డెబ్బై తొమ్మిది. ఎనభై చూసి వెళ్దామనుకున్నాడు. ఎనభై అయ్యాక, ఎనభై అయిదు అనుకున్నాడు. సంచీ భుజాన ఉండగానే మళ్లీ కూలబడ్డాడు.

ఆరుంపావుకు నూరయింది. పాటలన్నీ దక్కాయి. టీచరమ్మ ఒకటి పెట్టుకుని వింటూ, అతను వెళ్లడం కూడా చూడలేదు.

ఇల్లు చేరేసరికి ఏడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. దారి పొడవునా వల్లె వేసుకున్న మాట గుమ్మంలోనే అనేశాడు.

"ఉండిపో."

ఎవరూ పలకలేదు. బీరువాలో ఆమె బట్టల అర ఖాళీగా ఉంది. అయిదు కొట్టగానే వెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు. నీళ్లకని వంటగదిలోకి నడిచాడు.

గట్టు మీద ఆమె గ్లాసు కడిగి బోర్లించి ఉంది, అంచు వెంట నీళ్లు ఇంకా జారుతున్నాయి.