మగ్గం జాగాలో కారు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో గురుప్రసాద్ కారు కదిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏ పది రోజులకో బయటికి తీద్దామని తాళం తిప్పితే అది "టిక్" అని ఒక్క మాట అని ఊరుకుంటుంది. ఇక వీధంతా వచ్చి నెట్టాలి. "రథం కదిలిందిరో" అని ఎగతాళి చేయడానికి అందరూ ముందుంటారు. చెయ్యి వేయమంటే మాత్రం తలా ఒక పని గుర్తొస్తుంది.

ఈ నెలలో అది చచ్చిపడడం మూడోసారి. గురుప్రసాద్‌కు విసుగు పుట్టింది.

"ఈసారి రోగం దొరికితే సరి. లేకపోతే పాత బండ్లు కొనే గూడూరు ఎల్లప్పకు అమ్మేస్తా. బేస్తవారం వస్తానన్నాడు" అని తేల్చేశాడు.

ఆ మాటకు ఆయన భార్య యశోద గుండెలో రాయి పడింది. కారు మీద ఆమెకేమీ మోజు లేదు. భయమంతా వేరే.

మూడేళ్ల కిందట ఆయనకు నడుము పట్టేసింది. గుంటమగ్గంలో దిగి కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. మగ్గం విప్పేసి కర్రలు హాలహర్వి నేతగాడు ఒకడికి ఇచ్చేశారు. గుంటను ఎర్రమట్టితో పూడ్చి పైన సిమెంటు వేశారు. ఆ రోజు గురుప్రసాద్ ఒకటే మాట అన్నాడు: "ఇంక ఈ ఇంట్లో మగ్గం మాట ఎత్తొద్దు." తర్వాత ఏడాదిపాటు అరుగు మీద చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పిలిస్తే పలికాడు. అంతకుమించి ఏమీ లేదు.

ఆ తర్వాత ఆదోనిలో ఒక పత్తి దళారి దగ్గర ఈ పాత చిన్న కారు కంటబడింది. చూద్దామని ఎక్కి, స్టీరింగు మీద చేతులు వేసి, కింద కాళ్లు ఆడించగానే ఆయన గొంతులోంచి సన్నగా ఒక కూనిరాగం వచ్చింది. మగ్గంలో నాడె ఇటు నుంచి అటు పోతుంటే తీసే రాగం అది. పక్క సీటులో ఉన్న యశోద కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ కారు పోతే ఆ రాగం కూడా పోతుంది. మనిషి మళ్లీ అరుగు మీదికి పోతాడు. అదీ ఆమె భయం.

కారు కొని తెచ్చి, మగ్గం ఉండిన గదిలోనే పెట్టారు. అంత జాగా ఇంకెక్కడుంది? అయితే పొద్దుగూకేవేళ మగ్గం దగ్గర దీపం పెట్టడం ఆమె అత్త భీమక్క చెప్పిపోయిన పని. "మగ్గం కాడ సీకటైతే ఇంటోళ్ల సేతులు పడిపోతాయి" అనేది ఆ ముసలమ్మ. పెట్టిన దీపాన్ని రాత్రిపూట ఆర్పకూడదని కూడా చెప్పేది. చమురైపోయి దానంతట అదే కొండెక్కాలి, లేదంటే తెల్లవారాలి.

పెట్రోలు బండి పక్కన వత్తి వెలిగించడానికి యశోదకు ధైర్యం చాలలేదు. ఒకరోజు కారు లోపల పైకప్పుకు ఉన్న చిన్న లైటు చూసింది. మీట జరిపితే వెలిగింది. అచ్చం గూట్లో ప్రమిదంత వెలుగు. అంతే, ఆనాటి నుంచి అదే మగ్గం దీపమైంది.

రోజూ దీపాలవేళకు కారు మీద కప్పిన నేతగుడ్డ ఎత్తి, లోపలి లైటు వేసి, తలుపు మూసి, గుడ్డ దించి గడప మీద కూర్చునేది. గుడ్డలోంచి వెలుగు వడగట్టుకుని వచ్చేది. పోగు పోగూ కనబడేది. చూస్తూ చూస్తూ ఉంటే కళ్లు మూతలు పడేవి. నూలుకు పట్టించే గంజి వాసన వచ్చేది. మూల కూర్చుని అత్త కండెలు చుడుతున్నట్టుండేది. గుడ్డ కింద ఉన్నది కారో మగ్గమో తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ ఉండేది కాదు. నడుము మాత్ర వేసుకుని తొందరగా పడుకునే గురుప్రసాద్‌కు ఇదేదీ తెలియదు. తెల్లారి వాకిట్లో నీళ్లు చల్లేముందు ఆమే వచ్చి మీట జరిపి లైటు ఆర్పేది. కొన్ని తెల్లవారుజాముల్లో లైటు అప్పటికే ఆరిపోయి ఉండేది. "కొండెక్కింది తల్లీ" అని దండం పెట్టుకునేది.

మంగళవారం ఆదోని నుంచి మంజునాథ్ వచ్చాడు. బండ్ల కరెంటు పనిలో చెయ్యి తిరిగినవాడు. బ్యాటరీ మొనల మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్లతో కడిగాడు. తను తెచ్చిన మంచి బ్యాటరీ వేసి ఇంజను తిప్పాడు, ఛార్జింగు చూశాడు. తర్వాత అన్నీ ఆపేసి, బ్యాటరీకీ దాని వైరుకూ నడుమ మీటరు తగిలించాడు. బండి పడుకున్నప్పుడు ఎంత కరెంటు పోతుందో అది చెబుతుందట. ఒక్కో ఫ్యూజు పీకుతూ అంకె తగ్గుతుందేమోనని చూశాడు. తగ్గడానికి అసలు ఉంటే కదా.

"ఈడేం లేదన్నా. బండి పిల్లోని మాదిరి పండుకోనుండాది. కానీ ఎవురో దొంగతనంగా కరెంటు తాగుతాండారు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారు. యశోదకు భుజం తడుముకోవాలని కూడా తెలియలేదు.

"ఇదంతా కాదులేప్పా. ఎల్లప్పకు ఫోన్ జేస్తా" అన్నాడు గురుప్రసాద్.

"ఉండన్నా, మీటరు ఇట్లే పెట్టి పొద్దుగూకేదాకా సూస్తాం. అప్పటికీ దొరక్కపోతే నీ ఇష్టం."

యశోద టీ తెచ్చి మంజునాథ్‌కు ఇస్తూ అడిగింది. "ఆ దొంగ ఎంతుంటాడప్పా?"

"ఎంతో ఉండక్కర్లేదక్కా. తొట్టికి సన్న బెజ్జం సాలదా? బొట్టుబొట్టే పోతాది. తెల్లారేతలికి తొట్టి ఖాళీ."

"సన్న లైటైనా?"

"సన్న లైటైనా. నాలుగు రాత్రులు ఎలిగితే బ్యాటరీ సస్తాది."

యశోదకు దొంగ ఎవరో అర్థమైంది. కంచే చేను మేసింది. ఏ చేతులు పడిపోకూడదని దీపం పెట్టిందో, ఆ చేతుల్లోంచి స్టీరింగును తనే లాగేస్తూ వచ్చింది. ఈ పూట దీపం పెట్టకపోతే దొంగ దొరకడు, కారు ఎల్లప్ప పాలు. పెడితే ఈ ఇంట్లో మగ్గం మాట ఎత్తక తప్పదు. ఆ మాటకు ఈ మనిషి ఏమైపోతాడో. మధ్యాహ్నమంతా ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

పొద్దుగూకింది. వీధిలో మిగిలిన మగ్గాలు ఇంకా టకటకమంటున్నాయి. యశోద ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వచ్చి, ఇద్దరి ముందే కారు తలుపు తెరిచి మీట జరిపి, తలుపు మూసింది. మీటరులో అంకె గభాలున ఎగిరింది.

"దొరికినాడు!" అని కేక వేసిన మంజునాథ్, కారుకు చేతులు జోడించిన ఆమెను చూసి నోరు మూసుకున్నాడు.

"ఏం జేస్తాండావు?" అన్నాడు గురుప్రసాద్.

"మగ్గం కాడ దీపం పెడతాండా."

మాట బయటపడింది. ఆయన ముఖం బిగుసుకుంది. "ఎన్నాళ్ల నుంచి?"

"బండి వచ్చినకాడి నుంచి. దినామూ. నీ సేతులు బాగుండాలని."

గురుప్రసాద్ తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత లైటు ఆర్పి, "మంజూ, పట్టుప్పా, వాకిట్లోకి తోస్తాం" అన్నాడు. కారు బయటికి పోయాక గది నేల మీద పూడ్చిన గుంట జాగా తెల్లగా, మనిషి కూర్చునేంత కనబడింది. గురుప్రసాద్ గూట్లోంచి భీమక్క ప్రమిద తీసి, బూజు ఊది, యశోద ముందు పెట్టి లోపలికి పోయాడు. ఆ రాత్రీ, మరునాడూ మగ్గం ఊసు ఎత్తలేదు.

లోపలి లైటు వెలగని రెండు రాత్రుల తర్వాత, బేస్తవారం కారు ఒక్క తిప్పుకే అందుకుంది. ఎల్లప్ప నవ్వుతూ వచ్చి నిలబడితే, "ఇంకా ఖాయం జెయ్యలేదప్పా, ఆదోనికి పోయొచ్చి సెప్తా" అని గురుప్రసాద్ యశోదను ఎక్కించుకున్నాడు. దారిపొడుగునా ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. రాగం లేదు. రెండు పక్కలా పత్తిచేలు తెల్లగా కలలో మాదిరి వెనక్కి జారుతున్నాయి. నేనే పోగొట్టుకున్నాననుకుంది.

ఆదోని ఇంకా కొంచెం దూరముందనగా ఆయన బండి ఆపి, వెనక్కి తిప్పాడు.

"యాడికి?" అంది యశోద.

"పొద్దు వాలుతాంది సూడు. ఇంటికి పోవాల. మగ్గం కాడ దీపం పెట్టాల గదా."

స్టీరింగు మీద ఆయన వేళ్లు మెల్లగా ఆడుతున్నాయి. గొంతులోంచి నాడె రాగం మొదలైంది. ఈసారి యశోద కిటికీ వైపు తిరగలేదు.