సాంబయ్య దిగిన గుండం

చలికాలం వచ్చిందంటే కట్టమ్మ వేళ్లు పొద్దున్నే విచ్చుకోవు. నీళ్లు కాచి, గల్లుప్పు వేసి, ఆ గిన్నెలో చేతులు పెట్టుకుని కూచుంటే పిడికిళ్లు మెల్లగా తెరుచుకుంటాయి. వరంగల్ కొత్తవాడలో ముప్ఫై ఏళ్లు జంపఖానాలు నేసిన చేతులవి. రెండేళ్లుగా మగ్గం ముట్టలేదు.

అందుకే ఎనభై మూడు జనవరిలో, ఏటూరునాగారం అడవి చూసి, గోదావరి ఒడ్డున ఉడుకు గుండంలో స్నానాలు చేసి వద్దామని చేనేత సంఘం వాళ్లు బస్సు మాట్లాడితే, అందరికంటే ముందు ఆమే పేరు రాయించుకుంది. ఆమె మరిది సాంబయ్యకు మాత్రం పోవాలని లేదు. అతను సంఘానికి డిజైన్ మాస్టరు, రాకపోతే బాగుండదని భార్య విమలమ్మ బట్టలు సర్దేసింది.

ఆ గుండం సంగతి అందరికీ తెలిసిందే. అబద్ధం దాచుకున్నవాళ్లు దిగితే నీళ్లు చల్లబడతాయి. చెప్పేస్తే మళ్లీ వేడెక్కుతాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లి ఖాయం చేసుకునే ముందు ఇరుపక్షాల వాళ్లనూ అక్కడ ఒక మునక వేయిస్తారు.

ఐదేళ్ల కింద, అన్న మొండయ్య చనిపోయిన ఏడాది, సాంబయ్య వదిన నేసిన జంపఖానా ఒకటి హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు పట్టుకుపోయాడు. దాని మీద కొంగల బారు ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎగిరిపోతూ ఉంటుంది. ఎవరి డిజైనని అక్కడి పెద్దమనిషి అడిగాడు. సాంబయ్య ఒక్క క్షణం ఆగి, "నాదే సార్" అన్నాడు. షీల్డు ఇచ్చారు. పేపర్లో ఫోటో వచ్చింది. సంఘం వాళ్లు మాస్టర్‌ను చేశారు. కట్టమ్మ ఆ ఫోటో చూసి, "మంచిగ పడ్డవ్ సాంబయ్యా" అంది. అంతే. అప్పటి నుంచి ఆమె నోటితో చెప్పిన డిజైన్లే అతను గళ్ల కాగితం మీద గీసి సంఘంలో ఇస్తున్నాడు. ఆమె చేతుల వైపు మాత్రం చూడలేడు.

అడవిలో బస్సు ఆగేసరికి ఇంకా మంచు విడవలేదు. చెలమ దగ్గర దుప్పులు నీళ్లు తాగుతున్నాయి. వెనకాల చెట్లలో ఒక అడవిదున్న కదలకుండా నిలబడి బస్సును చూస్తోంది. కట్టమ్మ ఆవిరి పట్టిన అద్దం మీద వంకర వేలితో చుక్కలు పెట్టింది.

"చూసినవా, మచ్చలు ఎట్ల పడితే అట్ల లేవు. వీపు మీద వరుస తిన్నగ నడుస్తాంది, పక్కలకు పోంగ చెదిరిపోతాంది. నేస్తే మంచిగుంటది."

"గీస్త వదినె" అన్నాడు సాంబయ్య. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

గుండం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నీళ్ల మీద పొగలు లేస్తున్నాయి. అందరూ బట్టలతోనే దిగారు. సాంబయ్య జలుబని చెప్పి మెట్ల మీద కూచున్నాడు.

"సాంబయ్యా, జర చెయ్యి పట్టు. పాకుడున్నది" అంది పై మెట్టు మీదే ఆగిపోయిన కట్టమ్మ.

దగ్గర ఇంకెవరూ లేరు. ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే దింపాడు. నీళ్లు అతని చీలమండలు తాకాయి. పొగ తగ్గింది. మోకాళ్లు మునిగేసరికి పూర్తిగా పోయింది. పిల్లలు వణుకుతూ ఒడ్డెక్కారు. వాళ్ల వెనక పెద్దలు. తువ్వాళ్లు కప్పుకుని నిలబడ్డారు.

"ఎవలో చెప్పేదాక ఆగుండ్రి" అన్నాడు గుండం కాపలా ముసలాయన, బీడీ ముట్టించుకుంటూ.

సాంబయ్య వెనక్కి తిరగబోయాడు. చెయ్యి రాలేదు. చలికి కట్టమ్మ వేళ్లు అతని చేతి చుట్టూ బిగుసుకుపోయాయి. గుంజితే విరిగేట్టున్నాయి. ఆమె పెదవులు నల్లబడుతున్నాయి.

"వదినె... ఆ కొంగల జంపఖానా నాదని చెప్పిన" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేట్టు.

నీళ్లలో మార్పు లేదు.

"నాకెర్కనే కద" అంది కట్టమ్మ, పళ్లు కొట్టుకుంటుంటే. "ఒడ్డు మీదోళ్లకు ఇనవడలే."

అతను విమలమ్మ వైపు చూశాడు. తర్వాత ఎవరి వైపూ చూడలేకపోయాడు.

"ఆ డిజైన్ నాది కాదు" అన్నాడు గట్టిగా. "మా వదినెది. ఐదేండ్లసంది నేనిచ్చినయన్ని ఆమెవే. నాకు సొంతంగ ఒక్క పువ్వు గీయరాదు."

కాళ్ల కింది నుంచి బుడగలు లేచాయి. పొగ మళ్లీ కమ్ముకుంది. కట్టమ్మ వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి. జనం తిరిగి దిగారు. ఎవరో సబ్బు అడిగారు, ఇంకెవరో అందించారు. ఒక్కరు తిట్టినా సాంబయ్యకు బరువు తగ్గేది. ఎవరూ తిట్టలేదు. బస్సులో విమలమ్మ పోయి కట్టమ్మ పక్కన కూచుంది.

ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. నెల తిరక్కుండా కట్టమ్మ సంఘంలో మాస్టర్ బల్ల ముందు కూచుంది. సాంబయ్య అడిగి ఒక మగ్గం తీసుకున్నాడు. ఆమె నడిచి పోయేటప్పుడు తల వంచుకుని, పోగు బిగిసేలా మగ్గం పలక కొట్టేవాడు.

ఒకరోజు అడుగులు అతని మగ్గం దగ్గర ఆగాయి.

"అన్నం తిన్నవా సాంబయ్యా?"

"తిన్న వదినె."

చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"లేదు వదినె. తినలే."

కట్టమ్మ మగ్గం గుంట అంచున కూచుని సద్ది విప్పింది.