నిండు చెంచా

నేను ఒక నేతి చెంచాని. పుట్టుకతో చెంచాని కాదు లెండి, వెండి కాలిపట్టీని. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో సుగుణ అనే ఆరేళ్ళ పిల్ల కాలికి ఘల్లుఘల్లుమంటూ తిరిగేదాన్ని. ఒకనాడు కాలువ గట్టు మీద గెంతుతూ నన్ను తెంపుకుంది. వాళ్ళ మామ్మ పేరిందేవి "దీనికి పట్టీలెందుకులే" అని, నన్నూ నా జతనీ కలిపి కంసాలికి ఇచ్చేసింది. అతను మమ్మల్ని కరిగించి ఒకే చెంచా చేశాడు. గుంట మరీ లోతుగా కొట్టాడని మామ్మ రెండు రోజులు సణిగింది.

ఆ రోజుల్లో భోజనమంటే ఇంటిల్లిపాదీ వంటింట్లో వరసగా పీటలేసుకుని కూర్చోవడమే. ఆలస్యమైతే కేకలు. ఏం కూర అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, వండిందే కూర. ముద్దపప్పు పడగానే నేను రంగంలోకి దిగేదాన్ని. సుగుణ అన్న కోటేశు కంచం దగ్గర మామ్మ నన్ను వెల్లకిలా ముంచి, అన్నంలో గుంట చేసి మరీ నిండుగా ఒంపేది. పక్కనే సుగుణ. అక్కడికొచ్చేసరికి ఆవిడ మణికట్టు ఎలా తిరిగేదో గాని నేను బోర్లా మునిగేదాన్ని. నా వీపుకంటిన కాస్త నెయ్యి ఆ పిల్ల అన్నానికి రాసి నన్ను గిన్నెలో పడేసేది. సుగుణ పట్టీల్లోంచి పుట్టి సుగుణకే వీపు చూపించడం నాకు సిగ్గుగా ఉండేది. ఏం చేస్తాను, కాడ ఆవిడ చేతిలో ఉంది.

ఒకరోజు పిల్ల అననే అంది.

"మామ్మా, నాకు తిరగేసి వడ్డిస్తన్నావు."

"ఆడపిల్లకి నెయ్యెక్కువైతే ఒళ్ళొచ్చేత్తది. నోరు మూసుకుని తిను," అంది పేరిందేవి.

సుగుణ మళ్ళీ అడగలేదు. కానీ పూటపూటా నా వంకే చూసేది. ఒక్కసారి నిండు చెంచా పడాలి, అదీ ఆ పిల్ల కోరిక. అది తీరకుండానే పెళ్ళయిపోయింది.

మామ్మ పోయాక ఇత్తడి బిందెల పంపకం దగ్గర కోడళ్ళు మూతులు ముడుచుకుంటుంటే, సుగుణ "నా పట్టీలు నాకిచ్చెయ్యండి" అని నన్ను కొంగున ముడేసుకుని కాకినాడ తీసుకొచ్చేసింది.

ఇక్కడ భోజనాల బల్ల ఉంది, ఆరు కుర్చీలున్నాయి. నలుగురు మనుషులూ ఒకేసారి వాటిలో కూర్చోవడం నేను చూసింది బల్ల కొన్న రోజే. సుగుణ భర్త రాత్రి ఏడింటికే రెండు పుల్కాలు తినేసి లేస్తాడు. కూతురు పచ్చికూరలు కోసుకుని మేకపిల్లలా నములుతుంది. కొడుకు ఫోన్లో ఎవడో కోడిపలావు తింటుంటే చూస్తూ తను ఉప్మా తింటాడు. సుగుణ నన్ను పట్టుకుని వస్తే చాలు, అందరూ కంచాలు పక్కకి లాక్కుంటారు. తనే వడ్డించుకోవచ్చు కదా అంటారేమో మీరు. ఒకసారి వడ్డించుకుంది, నిండుగానే. "ఎవరో ఒకరు వెయ్యాలి గాని, నాకు నేనే వేసుకుంటే ఏం బాగుంటుంది?" అని తనలో తనే అనుకుని మూత పెట్టేసింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కోటేశు వచ్చాడు. అరవై దాటాయి, గుండెకి స్టెంటు వేశారు, డాక్టరు నెయ్యి ముట్టుకోవద్దన్నాడు. సుగుణ భర్త అప్పటికే తినేసి లేచాడు. కొడుకు బయటి నుంచి తెప్పించుకున్న బిర్యానీతో, కూతురు పచ్చికూరలతో ఎవరి గదిలోకి వాళ్ళు పోయారు. అన్నాచెల్లెళ్ళిద్దరే పప్పన్నం ముందు కూర్చున్నారు.

"నీకు మాత్రం నెయ్యి వెయ్యనన్నయ్యా," అంది సుగుణ.

ఆయన నేతి గిన్నె తన వైపు లాక్కున్నాడు. అయిపోయింది, డాక్టరు మాట గాలికొదిలేశాడు అనుకున్నాను. ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మామ్మ నీకు తిరగేసి వేసేది కదూ."

సుగుణ అన్నం కలపడం ఆపింది. "నీకు తెలుసా?"

"తెలీకేం. నాకు నిండుగా పడతంది కదాని ఊరుకున్నాను. తప్పేనే."

జన్మలో ఎవరికీ వడ్డించి ఎరగని మనిషి. నన్ను గుప్పిట్లో బిగించి పట్టుకుని, సగం బల్ల మీద ఒలకబోసి, మిగతాది చెల్లెలి కంచంలో వేశాడు. వడ్డించేటప్పుడు చెయ్యి అడ్డంపెట్టి "చాలు చాలు" అనడం మనలో మర్యాద. ఆ మాట కోసం ఆగాడు. సుగుణ అనలేదు. ఇంకో చెంచా వేశాడు. ఆవిడ కంచంలోకే చూస్తూ కూర్చుంది. మూడోది కూడా వేశాడు.

ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది గాని, చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు.