చెవులదాకా పూలమాలలు

హవాయిలో మా మొలొకాయి దీవికి పడమటి కొసన, కొండ అంచున, సముద్రానికి ఎదురుగా తాగుడు మాన్పించే కేంద్రం ఒకటుంది. తెల్లటి గోడలు, గుర్రాలు, ఈతకొలను. అవతలి అమెరికా నుంచి విమానాలెక్కి వచ్చిన డబ్బున్నవాళ్ళు అక్కడ చాపల మీద కూర్చుని గాలి పీలుస్తారు, గాలి వదులుతారు. ఆ గాలి మాది. వాళ్ళ దుప్పట్లు ఉతికేది మా వీధి ఆడవాళ్ళు. వాళ్ళ జనరేటర్ మొరాయిస్తే బాగుచేసేది నేను. మా వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఆ గేటు లోపలికి రోగిగా వెళ్ళిన పాపాన పోలేదు.

నా తమ్ముడు కావిక గురించి ఒకసారి అక్కడి మేనేజర్ని అడిగాను. అతను నా చేతులకున్న గ్రీజు వైపు చూసి, "స్థానికుల కోసం మా దగ్గర ఏర్పాటేమీ లేదు వెండెల్. కానీ మీ తమ్ముడి కోసం అందరం కలిసి ధ్యానం చేస్తాం" అన్నాడు.

ధ్యానం! జనరేటర్ నడిపించి, చేతులు కడుక్కోకుండానే అతనికి గట్టిగా షేక్‌హ్యాండ్ ఇచ్చి వచ్చేశాను.

కావిక ముందు ఐస్ పీల్చేవాడు. తినే ఐస్ కాదు, పగిలిన గాజులా ఉండే మత్తుమందు. మా దీవిలో ఎన్ని ఇళ్ళు దానికి కూలిపోయాయో లెక్కలేదు. దాన్ని ఎలాగో వదిలాడు. వదిలిన చేత్తోనే వోడ్కా సీసా పట్టుకున్నాడు. ఈ ఏడాది వాడి కళ్ళు పసుపు పచ్చగా మారాయి. క్లినిక్‌లో డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి చూసి, నన్ను బయటికి పిలిచి, "ఇలాగే తాగితే వచ్చే ఏడాది ఇతన్ని చూడను" అంది. ఆవిడ బదిలీ అయి పోతుందేమో అనుకున్నాను ముందు. అంత తెలివి నాది. పదో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి.

సరే, ఫోన్లో వెతికాను. 'హవాయిలో చికిత్స, వెంటనే చేర్చుకుంటాం' అని నంబర్లు బోలెడు వచ్చాయి. ఒకదానికి చేస్తే తేనెలాంటి గొంతుతో ఒక పిల్ల ఎత్తింది.

"మీ అదృష్టం సార్! మీకు దగ్గర్లోనే బెడ్ ఉంది. కారులో గంటన్నర కూడా పట్టదు."

"ఎక్కడమ్మా?"

"హోనొలూలులో."

"మధ్యలో సముద్రం ఉంది తల్లీ."

మీటలు నొక్కుతున్న చప్పుడు. "వంతెన లేదా సార్?"

"నువ్వు ఏ ఊళ్ళో కూర్చున్నావమ్మా?"

"అది చెప్పకూడదు సార్. పోనీ ఫ్లోరిడాలో అయితే మీకు ఓకేనా?"

ఫోన్ గోడకేసి కొట్టబోయి, నా ఫోనే కదా అని ఆగాను.

ఆఖరికి క్లినిక్‌లో నర్సు ఒక నంబరు ఇచ్చింది. హోనొలూలులో, పాత గోదాముల వెనక, మామూలు ఇల్లే. గుర్రాల్లేవు. ఎత్తినావిడ పేరు షారన్ తోకునాగా. ముక్కుసూటి మనిషి.

"సోమవారం ఒక మంచం ఖాళీ అవుతుంది. మధ్యాహ్నంలోపు రావాలి. ఒంట్లో చుక్క ఉండకూడదు. గుమ్మంలోనే గొట్టంలోకి ఊదిస్తాను. చుక్క తేలిందా, మంచం వెనకవాడిది."

"వెనక ఎంతమంది ఉన్నారండీ?"

"అడక్కండి" అంది.

కావికని మా ఇంట్లో పెట్టుకున్నాను. తాగుడు ఆపితే వచ్చే వణుక్కి క్లినిక్‌వాళ్ళు మాత్రలిచ్చారు. అయినా వాడి చేతులు చూస్తే భయం వేసేది. చెంచా పట్టుకుంటే అన్నం ఒళ్ళో పడేది. "అన్నా, సోమవారం దాకా నన్ను ఎక్కడికీ పంపకు. అడిగినా పంపకు" అన్నాడు. ఆ మాట వాడు తనంతట తాను అన్నాడు. నాకు ఆశ పుట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దీవిలో ఎవరు విమానం ఎక్కినా విందు చేయాల్సిందే. పన్ను పీకించుకోడానికి వెళ్ళినా సరే. మెళ్ళో మాలలు వేయకుండా, కడుపునిండా పెట్టకుండా మనిషిని పంపామంటే ఆ ఇంటి పరువు సముద్రంలో కలిసినట్టే. టికెట్ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అయితే విమానాశ్రయంలో టికెట్లు రాసే పిల్ల మా హ్యాటీ పిన్ని కోడలు. ఇంక చెప్పేదేముంది.

ఆదివారం చర్చి అవగానే ట్రక్కులు వరసగా మా పెరట్లోకి వచ్చాయి. డేరా వేశారు. గోతిలో రాత్రంతా కాల్చిన పంది వచ్చింది, చేమదుంప ముద్ద వచ్చింది, పచ్చి చేప ముక్కలు వచ్చాయి. వాటి వెనకే, ఇద్దరిద్దరు మోస్తే గానీ లేవని మంచుపెట్టెలు.

"ఏమిటి పిన్నీ ఇదంతా?"

"ఏమిటంటావేంట్రా? పిల్లాడు ఊరెళ్తున్నాడు."

"తాగుడు మానడానికి వెళ్తున్నాడు. సైన్యంలో చేరడానికి కాదు."

"అయితే మరీ మంచిది కదరా! దొంగని పంపినట్టు పంపుతామా? మీ అమ్మ ఉంటే నన్ను చీపురుతో కొట్టును."

"ఆ పెట్టెల్లో ఏముంది?"

క్లారెన్స్ మావయ్య నవ్వాడు. "అవి మాకురా. నీ తమ్ముడికి జామరసం. ఇదిగో, గ్లాసు మీద పేరు కూడా రాశాం. మాకు తెలీదనుకున్నావా? మేమేం పశువులం కాదు."

నిజమే, ఎర్ర ప్లాస్టిక్ గ్లాసు మీద నల్ల సిరాతో కావిక అని రాసి ఉంది. జామరసం కూజాకి హ్యాటీ పిన్నే కాపలా. వేరే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

పాస్టరు ప్రార్థన చేశాడు. 'ప్రభువా, ఈ బిడ్డని వ్యసనం నుంచి విడిపించు' అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. వాళ్ళ చేతుల్లో బీరు డబ్బాలు చెమటలు కక్కుతున్నాయి. ఆమెన్ అనగానే అన్నీ ఒక్కసారి తెరుచుకున్న చప్పుడు. "మన కావిక మానేస్తున్నందుకు!" అని క్లారెన్స్ మావయ్య డబ్బా ఎత్తాడు. అందరూ ఎత్తారు. పదిమంది వచ్చి వాణ్ణి కౌగిలించుకున్నారు. ప్రతివాడూ వాడి మొహం మీద బీరు వాసన ఊది, "నువ్వు మగాడివిరా" అని వెళ్ళాడు. సాయంత్రానికి ఒకడు నా ట్రక్కు చక్రం మీద కక్కాడు. కక్కి, మూతి తుడుచుకుని, "నీ తమ్ముణ్ణి చూసి గర్వంగా ఉంది వెండెల్" అన్నాడు.

వాడు మాత్రం కుర్చీలో కూర్చుని, తన పేరు రాసిన గ్లాసే పట్టుకుని, జామరసమే తాగాడు. పొద్దు వాలేసరికి వాడి చేతుల వణుకు ఆగింది. నేను చూశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాత్రలు పనిచేశాయి, వీడు నిలబడ్డాడు అనుకున్నాను.

మర్నాడు చిన్న విమానం. మనుషుల్ని కూడా బియ్యం బస్తాల్లా తూచి ఎక్కిస్తారు. కావిక మెళ్ళో మాలలు భుజాలు దాటి, గడ్డం దాటి చెవులదాకా వచ్చాయి. ముక్కూ కళ్ళూ తప్ప మనిషి కనబడలేదు.

"పూలతో సహా తూయనా, పూలు తీసేసి తూయనా?" అని టికెట్ల పిల్ల నవ్వింది.

"తీస్తే దురదృష్టం" అని హ్యాటీ పిన్ని కసిరింది. దారిలో తాగమని వాడి చేతిలో జామరసం సీసా పెట్టింది. ఆ దేవగన్నేరు పూల వాసన విమానమంతా కమ్మేసింది. పక్కనే కూర్చున్న నాకు వేరే వాసన ఏదీ తగల్లేదు.

తోకునాగా ఇంటి ముందు ఇనప కంచె ఉంది. దానికి నిండా ఎండిపోయిన పూలమాలలు వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ళకి స్వాగతం కోసం అలంకారం చేశారు కాబోలు, కొత్తవి కట్టే తీరిక లేదేమో అనుకున్నాను.

ఆవిడ మమ్మల్ని, ముఖ్యంగా ఆ మాలల్ని, కిందనుంచి పైదాకా చూసింది. గొట్టం ఇచ్చింది. కావిక ఊదాడు. ఆవిడ అంకె చూసి నా వైపు తిప్పింది.

"యంత్రం చెడిపోయింది. నేను మెకానిక్‌ని. యంత్రాలు చెడతాయి" అన్నాను.

ఆవిడ తను ఊదింది. సున్నా. నన్ను ఊదమంది. సున్నా.

"అన్నా" అన్నాడు కావిక, చెప్పుల వైపు చూస్తూ. "జామరసం."

"ఏ జామరసం?"

"పిన్ని కలిపింది. నా చేతులు చూడలేక."

"నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి గుక్కలోనే."

"తెలిసీ తాగావా?"

"ఆవిడ నా మొహంలోకే చూస్తూ నిలబడింది అన్నా. వణుకు ఆగగానే ఎంత సంతోషపడిందో." మాలలో ఒక పూరేకు తుంచి, "నేనూ సంతోషపడ్డాను" అన్నాడు.

అక్కడికక్కడే పిన్నికి ఫోన్ చేశాను.

"కొంచెమే వేశాన్రా, మందులాగా. బిడ్డ చేతులు ఒడ్డున పడ్డ చేపల్లా కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోడానికి నాదేం నీలాగా రాతిగుండా? ఇంతకీ వాడు అన్నం తిన్నాడా?"

ఫోన్ పెట్టేశాను.

తోకునాగా కంచె వైపు గడ్డంతో చూపించింది. "అవి చూశారా? పొరుగు దీవులవాళ్ళవి. చెవులదాకా పూలు, కడుపులో సారా. ఇంటివాళ్ళే తాగించి, ముద్దులు పెట్టి పంపిస్తారు. వెనక్కి పొమ్మంటే, మాల చెత్తలో వేయకూడదు కదా, అక్కడ తగిలించి పోతారు. నేను తీయను. వచ్చేవాళ్ళు చూడాలని."

"ఇప్పుడు మేమేం చేయాలి?"

"పొద్దున తలుపు తీస్తాను. ఆలోగా వెనకవాడు వస్తే మంచం వాడిది. రాకపోతే, సున్నా తేలితే, మీది. వణుకు మరీ ఎక్కువైతే తలుపు కొట్టండి, ఆసుపత్రికి పంపుతాను. ఇంకెక్కడికీ వెళ్ళకండి. ముఖ్యంగా చుట్టాలిళ్ళకి."

ఆవిడ తలుపు వేసిందో లేదో, ఎదురుగా ట్రక్కు ఆగింది. హోనొలూలులోనే ఉండే మా పెదనాన్న కొడుకు రస్సెల్. పిన్ని వాడికి ముందే ఫోన్ చేసింది.

"ఎక్కండ్రా! మీ వదిన వంట చేసి కూర్చుంది. ఏంటా మొహాలు? బెడ్ ఇవాళ ఇవ్వలేదా? అయితే ఇవాళ మన చేతిలో ఉన్నట్టే."

ట్రక్కు వెనక మంచుపెట్టె ఉంది. "అందులో ఏముంది?" అన్నాను.

"ఏముంటుంది, మనుషులు తాగేదే. సముద్రం దాటొచ్చిన తమ్ముళ్ళకి పంపునీళ్ళు పోస్తానా?"

కావిక ఆ పెట్టె వైపు చూశాడు. కుక్క మాంసం కొట్టు వైపు చూసినట్టు. నా సొంత తమ్ముడు. వాణ్ణి చూసి నాకు రోత పుట్టింది. రస్సెల్‌ని చూసీ పుట్టింది. ట్రక్కు ఎక్కి ఆ పెట్టెని రెండు చేతులా ఎత్తి రోడ్డు మీద బోర్లించాను. మంచుగడ్డలూ డబ్బాలూ దొర్లుకుంటూ పోయాయి. ఎదురు గోడ కింద పడుకున్నవాడెవడో లేచి దొరికినన్ని దుప్పట్లోకి లాక్కున్నాడు.

రస్సెల్ చాలా నెమ్మదిగా అన్నాడు. "చుట్టం పెట్టింది నేలపాలు చేశావు. నువ్వు మనిషివి కాదు వెండెల్. ఇంక నా గుమ్మం తొక్కకు."

"తొక్కను."

"పిన్నికి చెబుతా."

"నీ నోటితోనే చెప్పు."

ఆ రాత్రి గురించి రాయను. మెట్ల మీదే ఉన్నాం. వాడు నన్ను తిట్టాడు, బతిమాలాడు, నా ఒళ్ళో కక్కాడు. తోకునాగా ఒకటి రెండుసార్లు బయటికొచ్చి వాడి నాడి చూసి లోపలికెళ్ళింది. వెనకవాడు రాలేదు. ఎందుకు రాలేదో, వాడి ఇంట్లోనూ విందు జరిగిందేమో.

పొద్దున ఊదాడు. సున్నా. వాడిపోయిన మాలలన్నీ తీసి ఒక్కొక్కటిగా కంచెకి తగిలించాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికెళ్ళాడు.

దీవికి తిరిగొస్తే నాతో మాట్లాడేవాడు లేడు. కొట్లో ఎదురుపడితే పక్క వరసలోకి తప్పుకునేవారు. పిన్ని ఆదివారాలు పంపే చేపల గిన్నె ఆగిపోయింది. ఆగితే ఆగింది. ఆ చేత్తో కలిపింది తినాలని నాకూ లేదు.

వాడు బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాక క్లారెన్స్ మావయ్య మా ఇంటికొచ్చాడు. రాజీకొచ్చాడనుకున్నాను.

"వాడు వచ్చేస్తున్నాడు కదా! పందిని కొనేశాం. ఈసారి పెద్ద డేరా. దీపాలకి నీ జనరేటర్ పట్టుకురా."

"బీరు?"

"లైట్ బీరేరా. మాకు తెలీదా?"

ఆ సాయంత్రమే కావిక ఫోన్ చేశాడు. గొంతు ఎంత తేటగా ఉందో! చిన్నప్పుడు గొంతులా.

"అన్నా, పిన్ని చెప్పింది, పందిని కొన్నారట! అందరూ వస్తారట!"

"నువ్వు రావద్దు" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. "ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళని లేదు. రావద్దు. తోకునాగాని అడిగి అక్కడే పని చూసుకో."

"నీ ఇంట్లో ఉంటానన్నా. ఎక్కడికీ కదలను."

"పోయినసారి డేరా వేసింది నా పెరట్లోనేరా."

"నేనంటే నీకంత అసహ్యమా?" అన్నాడు.

"నువ్వు కాదు" అన్నాను. ఇంకేదో కూడా చెప్పాల్సింది. నాకు రాలేదు.

వాడు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అక్కడ రేవులో పెట్టెలు దించే పని చేస్తున్నాడు. ఫోన్ చేస్తే కళ్ళు పసుపు పోయి తెల్లబడ్డాయన్నాడు. ఇంటి ఊసు ఎత్తడు.

విందు మాత్రం ఆగలేదు. పందిని కొన్నాక ఆపుతారా? వాడి పేరు రాసిన ఎర్ర గ్లాసు బల్ల మధ్యలో పెట్టి, వాడి పేరు చెప్పుకుని తాగారట. హ్యాటీ పిన్ని ఏడ్చిందట, తమ్ముణ్ణి అన్నే దూరం చేశాడని. జనరేటర్ నేను ఇవ్వలేదు. చీకట్లోనే తాగారు.