ముట్టుకోకూడని సగం

ఓడెక్కినా సైన్సు టీచరమ్మకి అంట్లు తప్పలేదు. సముద్రం అడుగున మన్ను తవ్వి తీసే ఓడ అది. శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకుని బడిలో చెప్పమని టీచర్లని ఎక్కించారు. టీ అందరూ తాగారు, కప్పులు మాత్రం ఆవిడ కడుగుతోంది. "మీ చేతిలో అయితే పగలవమ్మా" అంటూ పెద్దసారు, అదే, ఆ టీచర్ల జట్టుకి నాయకుడు, ఎంగిలి కప్పులో వేలుంచి మరీ అందించాడు. ఛీ! బయల్దేరేటప్పుడు మొగుడూ అంతే. "సముద్రం సంగతి నీకెందుకే? కూరలో ఉప్పు చూసుకుంటే చాలదూ?" అని తన జోకుకి తనే పగలబడి నవ్వాడు. "మగాళ్ళ మధ్య ఉంటావు, నోరు పారేసుకోకు, సర్దుకుపో" అని అత్తగారు. సర్దీ సర్దీ ఆవిడకి నడుం పడిపోయింది, వాళ్ళకి మాత్రం తనివి తీరలేదు.

ఆ మధ్యాహ్నం ఓడ మీంచి తన బడి పిల్లలకి వీడియోలో పాఠం చెప్పాలి. దానికోసమే ఇన్ని కప్పులూ కడిగింది. గొట్టంలో పైకొచ్చిన మన్నుని నిలువునా రెండుగా కోస్తారని నేర్చుకుంది. ఒక సగం పనికి, దాన్ని అందరూ గీకుతారు, పొడుస్తారు, ముక్కలు పట్టుకుపోతారు. రెండో సగం దాచడానికి, దాన్నెవరూ ముట్టుకోకూడదు. "రేపెవరో కొత్త ప్రశ్నతో వస్తారు, వాళ్ళకి మిగలాలి కదా" అంది ల్యాబుని నడిపే పెద్దావిడ. తనకి రెండో సగమంటూ ఏం మిగిలిందో టీచరమ్మకి వెంటనే తట్టలేదు.

పాఠానికి ముందు పెద్దసారు ఫొటో దిగుతూ, దాచే సగంలో బొటనవేలు కసుక్కున దింపాడు. "వెన్నలా ఉందే!" అన్నాడు. అంతలో ల్యాబు పెద్దావిడ వచ్చి గుంట చూసింది. మొహం ఎర్రబడింది. "ఎవరిది ఈ పని? వాళ్ళిక ఈ గదిలోకి రాకూడదు. పాఠమూ లేదు."

"మా మేడమ్‌కి తుడిచే అలవాటు కదండీ, చెయ్యి ఊరుకోదు" అన్నాడు పెద్దసారు, రెప్ప వెయ్యకుండా. అందరూ నవ్వారు. అతను దగ్గరికి జరిగి గొణిగాడు: "ఒప్పేసుకోండమ్మా, నా పరువు పోతుంది. మీవారికి నేను సర్దిచెప్తాలెండి." ఓడ ఎంత ఊగినా రాని వాంతి ఆవిడకి అప్పుడొచ్చింది. మింగేసింది. ఇన్నేళ్ళూ మింగిన అలవాటే. కానీ మాటని మింగలేదు.

"నేను కాదండీ. ఆయన గోరు చూడండి."

గోట్లో మన్ను అలాగే ఉంది. "అయితే పాఠం మీరు కానివ్వండి" అని ల్యాబు పెద్దావిడ టీచరమ్మకి దారిచ్చింది. పెద్దసారు చెయ్యి జేబులో దోపుకుని బయటికి నడిచాడు.

కాసేపటికే మొగుడి ఫోను. "పెద్దమనిషి పరువు తీశావట! ఇప్పుడే ఫోన్ చేశాడు. వెళ్ళి కాళ్ళు పట్టుకో. ఎవరు వేలు పెడితే ఏం, మన్నేగా?"

"మన్ను కాదండీ" అంది. ఇంకేం చెప్పాలనిపించలేదు. ఫోను కట్టేసింది. సింకులో మళ్ళీ పేరుకున్న ఎంగిలి కప్పులు కంపు కొడుతున్నాయి. వాటిని దాటుకుని వెళ్ళి కెమెరా ముందు నిలబడింది. అవతల పిల్లలు గోలగోలగా చేతులూపారు.

"పిల్లలూ, ఇది ముట్టుకోకూడని సగం" అంది. "ఎవరైనా ముట్టుకుంటే, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా సరే, పేరు పెట్టి గట్టిగా చెప్పాలి."