చివరిదాకా ఒక జోలపాట

నాగేశ్వరి మడమ నొక్కింది. హెడ్‌ఫోన్‌లో అమెరికా డాక్టరు రెండు మాటలు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. బల్ల కింది పెడల్‌ను మునివేళ్ళతో తొక్కితే గొంతు నడుస్తుంది, మడమతో తొక్కితే వెనక్కి పోతుంది. మందు పేరు ఈసారి తెలిసింది. టైపు చేసింది.

డాక్టర్లు రికార్డు చేసి పంపింది విని టైపు చేసే ఆ మాదాపూర్ ఆఫీసులో అందరికంటే వయసులో పెద్ద ఆమే. పెళ్ళికి ముందు కాకినాడలో టైపు నేర్పేది. భర్త విశ్వేశ్వరరావుది ఇరిగేషన్ శాఖ. ఆయనకు ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరికి వెళ్ళింది. ఇప్పుడు శ్రీకాకుళం. సామాను లారీ ఎక్కింది. సాయంత్రం రైలు. ఆఫీసులో ఆమెకు మధ్యాహ్నం దాకానే పని, అదే ఆఖరు.

యుకులేలే సంగతి కూడా హెడ్‌ఫోన్‌లోనే మొదలైంది. కీళ్ళనొప్పులున్న ఒక ముసలావిడ మళ్ళీ యుకులేలే వాయిస్తోందని ఓ డాక్టరు చెప్పాడు. అదేమిటని టీమ్ లీడర్ రవికిరణ్‌ను అడిగింది. అతను ఇంటర్నెట్‌లో బొమ్మ చూపించాడు. నాలుగు తీగల వాయిద్యం, చంటిపిల్లంత.

"ఇది మనకి పంపుతారా బాబూ?"

"ఎవరికండీ?"

"నాకే."

కార్డు రవికిరణ్‌ది, డబ్బు ఆమెది. పార్శిల్ కస్టమ్స్ దాటి వచ్చేసరికి వానాకాలం అయిపోయింది.

ఆఫీసు భోజనాల గదిలో నేర్చుకుంది, ప్రింటు తీసిన కాగితం గోడకు ఆనించి. కొత్త నైలాన్ తీగలు రోజూ సాగేవి, రోజూ శ్రుతి చేసేది. ఉంగరపు వేలితో ఒక్క తీగ నొక్కితే సి అనే స్వరమేళం. రెండు వేళ్ళతో ఎఫ్. జి సెవెన్‌కు మూడు వేళ్ళు కావాలి, అక్కడ చిక్కుపడేవి. తల్లి పాడిన జోలపాటకు ఈ మూడూ సరిపోతాయని కనిపెట్టింది. కానీ వేలు తప్పినప్పుడల్లా కుడి మడమ నేలను నొక్కేది. చెయ్యి ఆగిపోయేది. రెండు మాటలు వెనక్కి వెళ్ళేది. మళ్ళీ తప్పు, మళ్ళీ మడమ. చివరి చరణం ఎన్నడూ రాలేదు.

టీ ఇచ్చే చంద్రమ్మ ఊరుకునేది కాదు. "ఏందమ్మా, ఒడవనే ఒడవదు నీ జోల. ఇగ పొల్ల పండుకునేదెప్పుడు?"

"చివరిదాకా వాయించే వెళ్తాను, చూడు."

ఆ ఆఖరి మధ్యాహ్నం అందరూ క్యారియర్లు సర్దుకోకుండా కూర్చున్నారు. తీగలకు తగులుతాయని నాగేశ్వరి కుడిచేతి గాజులు తీసి బల్ల మీద పెట్టింది. చెయ్యి బోసిగా ఉండకూడదు కాబట్టి రబ్బరు బ్యాండు వేసుకుంది.

"మీ సారుకు రబ్బర్ బ్యాండేనా రక్ష?" అంది చంద్రమ్మ.

"ఆయన ఫైళ్ళకీ అదే రక్ష."

నవ్వులు ఆగాక మొదలుపెట్టింది. గొంతు తగ్గించి పాడింది. మొదటి చరణం దాటింది. కిటికీ అవతల బండకు డ్రిల్లు పెట్టారు. జి సెవెన్ దగ్గర వేలు జారింది. మడమ నేలకు తగిలింది. చెయ్యి ఆగబోయి, ఆగలేదు. తప్పు వెనక ఉండిపోయింది, పాట ముందుకు వెళ్ళింది. వాయిస్తూనే ఒక కాలు పైకి తీసింది, తర్వాత రెండోది. కుర్చీలో మఠం వేసుకుంది. మళ్ళీ వేలు తప్పింది. నొక్కడానికి నేల లేదు.

చివరి చరణం వచ్చింది. సి మీద ఆపి, తీగల మీద అరచెయ్యి ఆనించింది.

చప్పట్లు కారిడార్ దాకా వినిపించాయి. చంద్రమ్మ టీ ట్రే కింద పెట్టి మరీ కొట్టింది.

"ఇంకోసారండీ," అన్నాడు రవికిరణ్.

"ఎందుకు బాబూ? అయిపోయిందిగా."

ఆ పాట గురించి ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

కింద ఆటోలో విశ్వేశ్వరరావు గడియారం చూసుకుంటున్నాడు. "ఇంతసేపేమిటి?"

"పూర్తి చేసి వచ్చానండీ." వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆటో స్టేషన్ వైపు తిరిగింది.

పైన చంద్రమ్మ బల్ల తుడవడానికి వచ్చింది. నీళ్ళ జగ్గు పక్కన ఆకుపచ్చ గాజులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, మధ్యలో ఒక అన్నం మెతుకు.